‘అభిమానిని ఆన్ చేయండి’: గాలి, నీరు, ఇల్లు కిట్‌తో మా ఎండాకాలం

ముందే చెప్పేస్తాను, పిల్లలు చేసి చూస్తూ నేర్చుకునే ఈ కిట్‌కు ఐదు నక్షత్రాలకు నేను మూడు ఇచ్చాను. "రివ్యూ రాయమంటే యూనిట్ టెస్ట్ పేపర్ దిద్దినట్టు రాస్తున్నవేందమ్మా" అని మా అమ్మాయి నవ్వింది. ఏం చేయను, నల్లగొండ జిల్లాలో 31 ఏళ్లు ప్రాథమిక పాఠశాల టీచరుగా చేసినదాన్ని. అందులో సగానికి పైగా పరిసరాల విజ్ఞానమే చెప్పాను. చేతిలో ఎర్ర పెన్ను లేకుండా ఏదీ చదవలేను. రిటైరయ్యాక వనస్థలిపురంలో అమ్మాయి, అల్లుడి దగ్గర ఉంటున్నాను. వాళ్లిద్దరూ ఆఫీసుకు పోతే మనవడికి నేను, నాకు మనవడు.

వాడికి ఐదున్నరేళ్లు. యూకేజీ అయిపోయింది, జూన్‌లో ఒకటో తరగతి. ఏప్రిల్ చివర సెలవులు ఇచ్చిన రెండో రోజుకే టీవీ రిమోట్ కోసం మా ఇద్దరికీ యుద్ధం మొదలైంది. అప్పుడు అల్లుడు ఆన్‌లైన్‌లో ఈ కిట్ తెప్పించాడు. 1,499 రూపాయలు. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకని డబ్బా మీద ఉంది. కంపెనీ పేరు రాయడం లేదు. వెతికి చూస్తే ఇదే సామాను మూడు నాలుగు పేర్లతో, మూత రంగు మార్చి అమ్ముతున్నారు. పసుప్పచ్చ డబ్బా, లోపల మూడు సొరుగులు, వాటి మీద మబ్బు, నీటి చుక్క, ఇల్లు బొమ్మలు ఉంటే ఇదేనని గుర్తుపట్టండి.

సామాను మంచిది. ఈ మాట మొదటే అనాలి, ఎందుకంటే తర్వాత తిట్టేది చాలా ఉంది. గాలిమర, బెలూన్లు, చేత్తో నొక్కే చిన్న పంపు, గొట్టాలు, గరాటు, వడపోతకు ఒక సీసా, వాన కొలిచే గొట్టం, ఎర్ర గీత ఉన్న థర్మామీటరు ఒకటి, భూతద్దం, అట్టతో కట్టుకునే ఇల్లు రెండు, గుడ్డతో చేసిన నలుగురు మనుషుల బొమ్మలు, 36 కార్డులు. పంపు రోజుకు వందసార్లు నొక్కినా ఇంతవరకు చెడిపోలేదు. గొట్టాలు పిల్లల నోట్లోకి పోయేంత చిన్నవి కావు. అట్ట కూడా మందంగా ఉంది. మా బడికి అప్పట్లో వచ్చిన బోధనోపకరణాల పెట్టె గుర్తొచ్చి కొంచెం అసూయ కూడా కలిగింది.

కార్డుల దగ్గరే కథ మొదలైంది. ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు తెలుగు. ‘మాతృభాషలో నేర్చుకోండి’ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంటే మురిసిపోయాను. మొదటి కార్డు తీశాను. ‘గాలిని అనుభవించడానికి గదిలో అభిమానిని ఆన్ చేయండి’ అని ఉంది. రెండుసార్లు చదివాను. అభిమానిని ఆన్ చేయడం ఏమిటి? సినిమా రిలీజు రోజు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో అభిమానులను ఎవరూ ఆన్ చేయక్కర్లేదు, వాళ్లంతట వాళ్లే ఆనవుతారు. తిప్పి ఇంగ్లీషు వైపు చూస్తే తెలిసింది, ఫ్యాన్ కాస్తా అభిమాని అయిందని. ఆ తర్వాత మాకు అదొక ఆట. బావి బొమ్మ కింద ‘బాగా’ అని ఉంది. పళ్లు తోముకునేటప్పుడు నల్లా కట్టేయమని చెప్పే కార్డులో ‘తట్టడం ఆపండి’ అని ఉంది. ఊట దగ్గర నీళ్లు తాగుతున్న జింక బొమ్మకు ‘వసంతంలో తాగుతున్న జింక’. "కంప్యూటర్ చేసిన అనువాదం అత్తయ్యా, అచ్చేసే ముందు ఎవరూ చదివి ఉండరు" అన్నాడు అల్లుడు. ఎవరూ చదవకుండానే మా డబ్బులు తీసుకున్నారన్నమాట.

నవ్వుకున్నాం కానీ, చదవడం అప్పుడే కూడబలుక్కుంటున్న పిల్లవాడు బావి బొమ్మ చూసి ‘బాగా’ అని చదివితే అది నవ్వే విషయం కాదు. 36 కార్డుల్లో 11 దిద్దాను. మీరు కొంటే తెలుగు వైపు ముందు మీరు ఒకసారి చదివి, తెల్ల స్టిక్కర్లు అంటించి, ఆ తర్వాతే పిల్లల చేతికి ఇవ్వండి.

సరే, గాలి. ముందు వాడికి ఏం తెలుసో చూద్దామని "గాలంటే ఏందిరా?" అని అడిగాను.

"ఫ్యాన్."

"ఫ్యాన్ ఆపితే?"

"గాలి ఉండదు. కరెంటు పోతే గాలి పోతది కదా అమ్మమ్మా!"

తప్పు వాడిది కాదు. ఇంట్లో మేమందరం అనే మాటే అది. ఐదో అంతస్తులో కిటికీలకు దోమతెర, బాల్కనీకి పావురాల వల, ఎండాకాలం తలుపులు మూసి ఏసీ. చెట్టు కింద కూచుని ఆకు కదిలిందా లేదా అని చూసే అవకాశం ఈ పిల్లలకు ఎక్కడుంది? గాలి అంటే స్విచ్చు. కాబట్టి ఫ్యాను ఆపేసి మొదలుపెట్టాల్సిన పాఠాన్ని ఈ కిట్ ఫ్యాను వేసి మొదలుపెట్టింది. నేను ఆపాను. చెమటలు కారుతుండగా స్టీలు గ్లాసు అడుగున పేపరు ముక్క ఉండచుట్టి దూర్చి, గ్లాసును బోర్లించి నిటారుగా బకెట్లో ముంచాను. బయటికి తీస్తే పేపరు తడవలేదు. వాడు నమ్మలేదు. పదిసార్లు ముంచాడు. పదకొండోసారి గ్లాసు వంచితే బుడబుడమని బుడగలు వచ్చాయి, పేపరు తడిసింది. "గ్లాసులో ఎవరో ఉన్నరు" అన్నాడు. ఆ ఎవరో గాలే. ఇది కిట్‌లోనూ ఉంది కానీ వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కప్పు మరీ తేలిక, నీళ్లలో ముంచగానే పక్కకు ఒరుగుతుంది. మీ వంటింటి స్టీలు గ్లాసే వాడండి.

గాలికి బరువుందని చూపడానికి పుల్లకు రెండు బెలూన్లు కట్టే పని ఇచ్చారు. అది బాగా కుదిరింది. దానికి నేనొక లెక్క కలిపాను. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి మన హైదరాబాదులో దాదాపు 30 కిలోలు తూగుతుంది. అంటే 25 కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువ. వాడు బియ్యం బస్తాను లేపబోయి, కదలక, పైకి చూసి "మరి మన మీద పడదా?" అని అడిగాడు. ఇలాంటి ప్రశ్న వచ్చిన రోజు టీచరుకు పండగ. కిట్‌లో ఎక్కడా ఈ ప్రశ్నకు చోటు లేదు, ఎందుకంటే కార్డు వెనక ప్రశ్నా వాళ్లదే, జవాబూ వాళ్లదే.

ఇక కొవ్వొత్తి కార్డు. ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లించాలి. కాసేపటికి దీపం ఆరి, గ్లాసులోకి నీళ్లు ఎక్కుతాయి. చూడటానికి భలే ఉంటుంది. ఎందుకెక్కాయి? కార్డు చెప్పే కారణం, గాలిలో ఐదో వంతు ఆక్సిజన్, అది మండిపోయింది కాబట్టి ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయని. ఇది తప్పు. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం, నైట్రోజన్ 78 శాతం అన్నది నిజమే. కానీ ఉన్న ఆక్సిజన్ అంతా అయిపోకముందే దీపం ఆరిపోతుంది. పైగా మండినచోట కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి కూడా. అసలు జరిగేది ఏమిటంటే, మంటకు గ్లాసులో గాలి వేడెక్కి ఉబ్బుతుంది, కొంత అంచు కింద నుంచి బుడగలై బయటికి పోతుంది. దీపం ఆరగానే మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది. అప్పుడు బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది.

అనుమానముంటే మీరే చూడండి. దీపం వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా ఎక్కవు, ఆరే సమయానికి ఒక్కసారిగా ఎక్కుతాయి. ఒక కొవ్వొత్తి బదులు మూడు పెట్టండి, నీళ్లు ఇంకా పైకి వస్తాయి. గ్లాసు అదే, అందులో ఉన్న ఆక్సిజనూ అంతే, మరి ఎక్కువ ఎందుకెక్కాయి? వేడి ఎక్కువైంది కాబట్టి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ పదేళ్లు ఆ తప్పే చెప్పాను. ఒకసారి వృత్యంతర శిక్షణలో ఒక రిసోర్స్ పర్సన్ మూడు కొవ్వొత్తులు పెట్టి చూపించారు. ఆ రోజు ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు. ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పి ఉంటాను! ఐదేళ్ల వాడికి ఇవన్నీ అక్కర్లేదు అనేవాళ్లున్నారు. అక్కర్లేకపోతే కారణం చెప్పకండి, నీళ్లు ఎక్కాయి చూడు అని ఊరుకోండి. తప్పు కారణం మాత్రం వద్దు. అగ్గిపెట్టె పని పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలన్న హెచ్చరిక కూడా కార్డు మీద చీమతలంత అక్షరాల్లో ఉంది.

నీటి సొరుగు మూడింటిలోకీ మేలు. దానికి కారణం కిట్ కాదు, మా వాచ్‌మన్ కూతురు. పాలమూరు వైపు వాళ్లు. ఆ పాపకు ఏడేళ్లు, సర్కారు బడిలో రెండో తరగతి. సెలవుల్లో రోజూ పైకి వచ్చేది. నీరు ఎక్కడి నుంచి వస్తుంది అన్న కార్డులో మంచు కొండ, నది, సముద్రం, మబ్బు, మళ్లీ కొండ, చుట్టూ బాణాలు. మనవడు బాల్కనీలోంచి చూసి "మన కొండ ఏది?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపు ఆ పాప "కొండ లేదు, సంపు ఉన్నది, రా చూపిస్త" అని వాడి చెయ్యి పట్టుకుని కిందికి తీసుకుపోయింది. వెనకాలే నేనూ లిఫ్టులో దిగాను.

నా సర్వీసులో ఇంత మంచి పాఠం తక్కువ చూశాను. నల్లా నీళ్లు ఏ రోజు వస్తాయి, ఎంతసేపు వస్తాయి, వాల్వు ఎటు తిప్పాలి, సంపు నిండితే చప్పుడు ఎలా మారుతుంది, మోటారు ఎప్పుడు వేయాలి, పైన ట్యాంకు నిండి పొర్లితే ఎవరు అరుస్తారు, అన్నీ చెప్పింది. "మోటరు ఏస్తే నీళ్లు పైకి పోతయి. మీ ఇంట్ల కిందికి వస్తయి" అంది. వాడు ఆ రోజు మొదటిసారి తెలుసుకున్నాడు, వాళ్ల బాత్రూములో నీళ్లు ముందు పైకెక్కి తర్వాత కిందికి దిగుతున్నాయని. కిట్‌లోని పంపు, గొట్టాలు, గరాటు అప్పుడు పనికొచ్చాయి. ఇద్దరూ కలిసి కింద బకెట్ సంపు, స్టూలు మీద గిన్నె ట్యాంకు, గొట్టం నల్లా చేశారు. హాలంతా తడి. మా అమ్మాయి సాయంత్రం వచ్చి జారిపడబోయింది, అది వేరే సంగతి.

అక్కడి నుంచి నేను అందుకున్నాను. సంపులోకి ఎక్కడి నుంచి వస్తాయి? మా వైపు వచ్చేవి కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ వెనక నీటిలోంచి తోడి, కోదండాపురంలో శుభ్రం చేసి, పైపుల్లో వంద కిలోమీటర్లకు పైగా నడిపించి తెస్తారు. సాగర్ నిండు నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాదు 500 మీటర్ల పైన ఉంది. అంటే మన ఇంటికొచ్చే చుక్క చుక్కనూ 300 మీటర్లకు పైగా ఎత్తి పోస్తున్నారు. పిల్లలకు మీటర్లు తెలియవు. మన బిల్డింగు మీద బిల్డింగు, దాని మీద బిల్డింగు, అలా ఓ ఇరవై పెడితే అంత ఎత్తు అని చెప్పాను. "అంత పెద్ద మోటరా?" అని పాప నోరు తెరిచింది. మోటారు విలువ తెలిసిన పిల్ల కదా.

ఈ నగరం తాగే నీళ్ల కథ కార్డుల్లో ఉండాలని ఏ కంపెనీనీ అడగలేను, దేశమంతా అమ్ముకునేవాళ్లు. ఆ పని మనదే. 1908లో మూసీ వరద ఊరిని ముంచేసిందని, ఆ తర్వాతే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారని, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారని చెబితే మంచు కొండ బొమ్మ వైపు వాళ్లు మళ్లీ చూడలేదు. చింతచెట్టు మీద అంతమంది ఎలా పట్టారన్నదే వారం రోజులు చర్చ.

వడపోత కార్డు గురించి మాత్రం తల్లిదండ్రులు జాగ్రత్తగా చదవాలి. సీసాలో దూది, బొగ్గు, ఇసుక, గులకరాళ్లు పొరలుగా వేసి పైనుంచి మట్టినీళ్లు పోస్తే కింద తేట నీళ్లు వస్తాయి. చక్కగా పనిచేసింది. కార్డులో చివరి బొమ్మ ఏమిటంటే ఒక పాప ఆ నీళ్లు గ్లాసులో పట్టుకుని తాగుతోంది! మా వాడు పూలకుండీ మట్టి కలిపిన నీళ్లు వడపోసి, గ్లాసు నోటి దాకా తెచ్చాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

నేను మర్రిగూడ మండలంలో పనిచేశాను. ఆ ఊళ్ల బోరు నీళ్లు చూస్తే అద్దంలా ఉండేవి. రంగు లేదు, వాసన లేదు. పుస్తకంలో మంచి నీటికి ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి. అవే నీళ్లు తాగిన మా పిల్లల పళ్ల మీద గోధుమ రంగు గీతలు, కొందరికి వంకర కాళ్లు, నలభై ఏళ్లకే నడుము వంగిన తల్లులు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అక్కడి బోర్లలో దాటిపోయి ఉండేది. కలిసిపోయిన ఫ్లోరైడ్‌ను ఇసుక ఆపదు. కాచినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. దాన్ని తీయడానికి నాగపూర్‌లోని నీరీ సంస్థవాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఒక పద్ధతి కనిపెట్టి దానికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని. జిల్లాకు అలాంటి పేరు రావడం ఏం గొప్ప! అందుకే తేట నీళ్లన్నీ తాగే నీళ్లు అని చిన్నపిల్లలకు ఎవరైనా నేర్పితే నేను ఊరుకోలేను. ఆ కార్డు మీద పాప చేతిలోని గ్లాసును నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేసి, మొక్కకు పోస్తున్నట్టు మార్చాను. క్రిములు కంటికి కనపడవు, ఈ నీళ్లు చెట్టుకే అని ఒక్క ముక్క రాసి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది?

థర్మామీటరుతో మాత్రం హాయిగా గడిచింది. మే నెలలో రెండు సీసాల్లో ఒకే నీళ్లు నింపి, ఒకదానికి తడిగుడ్డ చుట్టి కిటికీలో పెట్టాం. నాలుగు గంటల తర్వాత మామూలు సీసాలో 34 డిగ్రీలు, గుడ్డ చుట్టిన దాంట్లో 26. రంజన్‌లో నీళ్లు చల్లగా ఎందుకుంటాయో అప్పుడు చెప్పాను. కుండ గోడలోంచి నీరు ఊరి, ఆవిరైపోతూ వేడిని తీసుకుపోతుంది. మృగశిర దాటి వానలు పడ్డాక ఇదే మళ్లీ చేస్తే తేడా మూడు డిగ్రీలే. గాలిలోనే తడి ఉంటే గుడ్డ తడి తొందరగా ఆరదు కదా. బట్టలు ఆరేయడం తెలిసిన వాచ్‌మన్ పాప ఈ కారణం నాకంటే ముందు చెప్పింది.

వాన కొలిచే గొట్టం మీద అంగుళాలే ఉన్నాయి. మన పేపర్లలో, టీవీల్లో వాన ఎప్పుడూ మిల్లీమీటర్లు, సెంటీమీటర్లే. స్కేలు పెట్టి పక్కన నేనే గీతలు గీశాను. 2020 అక్టోబరులో ఇదే ఊళ్లో బేగంపేట దగ్గర ఒక్క రోజులో దాదాపు 19 సెంటీమీటర్లు కురిసింది. వీళ్ల గొట్టం పొడవు 15. ఆ వాన దీంట్లో పట్టేది కాదు. అన్నట్టు, చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. 2,000 చదరపు అడుగుల డాబా మీద ఏడాదికి 800 మిల్లీమీటర్లు పడితే దాదాపు లక్షా 48 వేల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 30. ఈ లెక్క పిల్లలకు కాదు, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో చదివాను. ఇంకుడుగుంతలో పూడిక తీయిస్తామన్నారు. చూడాలి.

ఇల్లు సొరుగు దగ్గరికి వచ్చేసరికి నా ఓపిక తగ్గింది. అట్ట ఇంటికి ఏటవాలు కప్పు, దాని మీద పొగగొట్టం. మనవడు ఆ గొట్టం పట్టుకుని ఇదేంది అన్నాడు. చిమ్నీ అన్నాను. "చిమ్నీ వంటింట్ల ఉంటది కదా, కప్పు మీద ఎందుకు పెట్టిన్రు?" వాడికి తెలిసిన చిమ్నీ పొయ్యి మీద గోడకు బిగించిన, బటను నొక్కితే గుర్రుమనే పెట్టె. వాడిదే న్యాయం.

గొట్టం పీకి పారేసి, మా పుట్టింటిని కట్టాం. నేను చెబుతుంటే ఇద్దరూ చేశారు. రెండడుగుల మందం మట్టిగోడలు, కర్ర దూలాలు, గూన పెంకులు, దర్వాజ, కడప, రెండు అర్రలు, వాకిట్లో సానుపు. గోడ అంత మందం ఎందుకంటే ఎండ లోపలికి చేరేసరికి సాయంత్రం అయిపోతుంది. కిట్‌లో రెండు ఇళ్లుండటం ఒక మేలు. ఒకదాని కప్పుకు సున్నం పూసి, రెండోది అలాగే ఉంచి మిద్దె మీద ఎండలో పెట్టాం. ఉన్నది ఒక్క థర్మామీటరే కాబట్టి మార్చి మార్చి చూశాం. సున్నం పూసిన ఇల్లే చల్లగా ఉంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. మా నాయన ఏటా ఉగాదికి ముందు సున్నం వేసేవాడు, విధానం అడగకుండానే.

జంతువుల ఇళ్ల కార్డులు ఫర్వాలేదు. అందులో జింకకు ఏ ఇల్లూ చూపలేదు. మాకు దగ్గర్లోనే హరిణ వనస్థలి ఉంది కాబట్టి పొద్దున్నే తీసుకుపోయి కృష్ణజింకలను చూపించాను. వాటికి ఇల్లుండదు, గడ్డి మైదానమే ఇల్లు అంటే "వానొస్తే?" అన్నాడు. తడుస్తాయిరా అన్నాను. మనుషుల ఇళ్లకైతే మెట్రోలో ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీలో దిగి, శిల్పారామంలో పల్లె ఇళ్ల మ్యూజియం చూపించండి. అట్టలు కాదు, లోపలికి తొంగిచూడగలిగే ఇళ్లు. మా ఇద్దరు పిల్లలూ కుమ్మరి గుడిసె ముందు నుంచి గంటసేపు కదల్లేదు.

ఇక ‘మీ ఇంటిని ఎంచుకోండి’ అనే ఆట. పన్నెండు కార్డులు. మంచు ఇల్లు, గుడారం, పడవ ఇల్లు, చెట్టు మీద ఇల్లు, తోట ఉన్న బంగళా, అపార్ట్‌మెంటు, ఇంకా ఏవో. పిల్లలు తమ ఇల్లు తీసి, గుడ్డ బొమ్మల కుటుంబాన్ని దాని మీద నిలబెట్టాలి. మనవడు టక్కున అపార్ట్‌మెంటు తీశాడు. పాప వంతు వచ్చింది. వాళ్లుండేది సెల్లారులో, లిఫ్టు పక్కన, మెట్ల కింద ఒక్క గది. అలాంటి కార్డు లేదు. పన్నెండూ తిరగేస్తోంది. నాకు గుండెలో ఏదోలా అయింది, కార్డులు తీసి లోపల పెట్టేద్దామనుకున్నాను. ఇంతలో మనవడి చేతిలోని కార్డు లాక్కుని "ఇదే మాది గూడ" అంది. పెన్సిల్ అడిగింది. బొమ్మలో అన్నింటికంటే కింద, కారు పక్కన, చిన్న తలుపు గీసింది. తలుపు పక్కన మోటారు బటను కూడా. "ఇది లేకపోతే పైన నీళ్లు రావు" అని వాడికి చెప్పి, బొమ్మల్లో ఇద్దరిని తన తలుపు ముందు, ఇద్దరిని ఐదో అంతస్తులో పెట్టింది.

ఇంత కథ చెప్పాక కొనాలా వద్దా అంటే, ఆఫర్‌లో 900 లోపు వస్తే కొనండి. పంపు, గొట్టాలు, థర్మామీటరు, అట్ట ఇళ్ల కోసం కొనండి. పక్కన కూచునే పెద్దవాళ్లు లేకపోతే వద్దు. ఫోన్‌లో వీడియోలు చూడమని ఒక కోడ్ ఇచ్చారు, ఆ వీడియోల్లో పిల్లలు చేయడానికేమీ ఉండదు, నేను రెండు చూసి ఆపేశాను. నాలుగేళ్ల నుంచే అని రాశారు కానీ బెలూన్ ముడులు, అట్ట మడతలు ఆరేళ్ల లోపు వాళ్లకు సొంతంగా రావు.

తప్పులన్నీ వరుసగా రాసి కంపెనీకి మెయిల్ పెట్టించాను. నాలుగు రోజులకు మర్యాదగానే జవాబు వచ్చింది. తెలుగు కార్డులు దిద్ది కొత్తగా అచ్చేస్తున్నారట, పాత సెట్ పూర్తిగా, 36 కార్డులూ తిరిగి పంపితే కొత్తది ఉచితంగా పంపుతారట. పంపడానికి నా దగ్గర 35 మాత్రమే ఉన్నాయని జవాబు రాయించాను.